క్రోన్స్ వ్యాధి: పేగులో తొలి పుండు

నోరు పూస్తే రెండు రోజులు కారం ముట్టలేం. అచ్చం అలాంటి చిన్న పుండే పేగులో లేస్తే మనకు తెలియదు. పేగు లోపలి పొరకు కోత నొప్పి తెలియదు. బయాప్సీ కోసం ముక్క గిల్లి తీసినా రోగికి నొప్పి ఉండదు. క్రోన్స్ వ్యాధి తరచు ఇలాగే చడీచప్పుడు లేకుండా మొదలవుతుంది.

1932లో న్యూయార్క్‌లోని మౌంట్ సైనాయ్ ఆసుపత్రి వైద్యులు క్రోన్, గింజ్‌బర్గ్, ఓపెన్‌హైమర్ 14 మంది రోగులలో ఈ వ్యాధిని వర్ణించారు. వారిలో చిన్నపేగు చివరి భాగం వాచి, మందమై, ఇరుకైపోయింది. అది ముదిరిన దశ. తొలి దశను బతికున్న మనిషిలో చూడటం ఎండోస్కోపు వచ్చాకే సాధ్యమయింది.

చిన్నపేగు చివర, లోపలి పొర కింద పేయర్ పాచెస్ అనే రక్షక కణాల గుంపులు ఉంటాయి. వాటిని కప్పిన పొరలో ఎమ్ కణాలు ఉంటాయి. ఇవి పేగులోని సూక్ష్మజీవులను కొద్దికొద్దిగా లోపలికి తీసుకుని రక్షక కణాలకు అందిస్తాయి. క్రోన్స్ తొలి పుండ్లు తరచు ఈ గుంపులపైనే కనిపిస్తాయి. ఒక్కొక్కటీ కొన్ని మిల్లీమీటర్లే. వాటి మధ్య పొర మామూలుగానే ఉంటుంది.

క్రమంగా పుండ్లు పెరిగి ఒకదానితో ఒకటి కలుస్తాయి. నిలువుగా, అడ్డంగా చాళ్లు పడి, మధ్యలో మిగిలిన పొర ఉబ్బి, గుండ్రాళ్లు పరచిన బాటలా కనిపిస్తుంది. వాపు గోడ మందమంతా పాకుతుంది. మచ్చకట్టి పేగు ఇరుకవుతుంది. లేదా చిల్లిపడి పక్క అవయవంలోకి దారి ఏర్పడుతుంది. దీన్నే ఫిస్టులా అంటారు.

ఈ మార్పులు బాధ కంటే ముందే వస్తాయని తేల్చింది బెల్జియం వైద్యుడు రట్‌గీర్ట్స్ బృందం. చెడిన పేగును కోసి తీసేసిన రోగులను వారు ఎండోస్కోపుతో పరీక్షించారు. ఏడాదిలోపే 70 శాతానికి పైగా రోగులలో, పేగును తిరిగి కలిపిన చోట, పుండ్లు మళ్లీ కనిపించాయి. బాధ మాత్రం సుమారు 20 శాతం మందిలోనే ఉంది. ఈ ఫలితాలు 1990లో వెలువడ్డాయి. 1998లో బెల్జియం పరిశోధకులే మరో సంగతి బయటపెట్టారు. ఆహారం చేరకుండా విడిగా ఉంచిన పేగులోకి రోగి పేగు ద్రవాన్నే పంపితే, ఎనిమిది రోజుల్లో సూక్ష్మదర్శినికి వాపు గుర్తులు కనిపించాయి. అంటే పేగులోని పదార్థాలే వాపును రేపుతున్నాయి. సూక్ష్మజీవులను పసిగట్టే నాడ్2 అనే జన్యువులో తేడాలు కొందరిలో ఈ వ్యాధి ముప్పును పెంచుతాయని 2001లో తెలిసింది.

మన దేశంలో మరో చిక్కుంది. పేగు క్షయ కూడా తరచు చిన్నపేగు, పెద్దపేగు కలిసే చోటనే వస్తుంది. క్షయను క్రోన్స్ అనుకుని స్టీరాయిడ్లు ఇస్తే క్షయ విజృంభించవచ్చు. క్రోన్స్‌ను క్షయ అనుకుంటే, నెలల తరబడి క్షయ మందులు వాడేలోగా పేగు పాడవుతుంది. అందుకే బయాప్సీలో క్షయ క్రిముల కోసం వెతకాలి.

నోరు పూసిన ప్రతివారికీ ఈ వ్యాధి ఉందని కాదు. అయితే వారాల తరబడి విరేచనాలు, కడుపునొప్పి ఉండి, బరువు తగ్గుతుంటే తాత్సారం చేయకూడదు. మలంలో కాల్‌ప్రొటెక్టిన్ అనే ప్రొటీన్‌ను కొలిచే పరీక్ష పేగులో వాపు ఉందో లేదో సూచిస్తుంది. కారణం తేల్చడానికి మాత్రం ఎండోస్కోపు, బయాప్సీ కావాలి. పుండు చిన్నదిగా ఉండగానే మందులు మొదలుపెడితే పేగు ఇరుకు కాకుండా కాపాడుకునే అవకాశం ఎక్కువ.