వోల్టేజి బఫర్ - వేగమునకు వెల ఎంత?

1967 ఆగస్టు 4వ తేదీన నాగార్జునసాగరు కాలువలలోనికి నీరు విడువబడెను. నాటినుండి కుడికాలువ పల్నాటి సీమలో మాచెర్ల, గురజాల, నరసరావుపేట ప్రాంతముల పొలములకు ఆధారమైనది. కాలువ చివరి భూములకు నీరు చేరవలెనన్న పైభాగమున ఎంత నీరు పారుచున్నదో సరిగా తెలియవలెను. గట్టుమీద ఒక చిన్న పరికరము నుంచి, రేయింబవళ్లు నీటిమట్టమును కొలిపింపవలెనని తలపోసినచో రెండు చిక్కులు ఎదురగును. అక్కడ కరెంటు తీగ ఉండదు గనుక బ్యాటరీతోనే పని జరుగవలెను. ఆ బ్యాటరీని పొదుపు చేయబోయి కొలతను తప్పుగా తీయరాదు. ఈ రెండింటికిని సంధి కుదుర్చవలసిన భాగములలో ముఖ్యమైనది వోల్టేజి బఫర్ అను చిన్న వలయము.

బఫర్ ఎందుకు కావలెను? వాగు ఇసుకలో తీసిన చెలమను తలచుకొనుడు. అందులో నీరు సన్నగా ఊరును. కడవతో తోడగానే మట్టము పడిపోవును. తోడుటకు ముందు మట్టమెంతయో ఇక తెలియదు. కొన్ని విద్యుజ్జనకములును ఇట్టివే. రసాయన ప్రయోగశాలలో పి.హెచ్. కొలుచు గాజు ఎలక్ట్రోడు నిరోధము సుమారు 100 మెగోములు ఉండవచ్చును. దానికి 10 మెగోముల మీటరును తగిలించినచో, ఉన్న వోల్టేజిలో పదునొకండవ వంతు మాత్రమే కనబడును.

ఇప్పుడు చెలమ ప్రక్కన ఒక పెద్ద తొట్టి, ఒక పనివాడు ఉన్నారనుకొనుడు. అతడు చెలమ నీటిని ముట్టడు. దాని మట్టమును కంటితో చూచుచు, వేరొక బావినుండి నీరు తోడి తొట్టిని సరిగా ఆ మట్టము వరకే నింపును. ఎవరికి కావలసిన నీరు వారు తొట్టినుండి తీసికొందురు. బఫర్ చేయు పని ఇదే. అది వోల్టేజిని పెంచదు, తగ్గించదు. లోపలి వైపు ఇంచుమించు ఏమియు గ్రహింపక, బయటి వైపు అదే వోల్టేజిని బలముగా ఇచ్చును. బావి స్థానమున ఉన్నది బ్యాటరీ.

ఇక వేగము మాట. ప్రతి తీగకును, ప్రతి వలయమునకును కొంత ధారిత, అనగా విద్యుదావేశమును నిలువ చేసికొను గుణము ఉండును. వోల్టేజి మారవలెనన్న ఈ ధారిత నిండవలెను, లేదా ఖాళీ కావలెను. పాఠశాల సూత్రమే ఇక్కడ చాలును: కావలసిన ప్రవాహము = ధారిత × వోల్టేజి మార్పు ÷ కాలము. 100 పికోఫారడుల ధారితను ఒక మైక్రోసెకండులో ఒక వోల్టు పెంచుటకు 100 మైక్రో ఆంపియర్లు కావలెను. పది రెట్లు త్వరగా కావలెనన్న ప్రవాహము పది రెట్లు కావలెను. పనివాడు తొందరపడిన కొలది బావి నీరు హెచ్చుగా ఖర్చగుట వంటిదే ఇది. బఫర్ లోపల కూడ ఒక చిన్న కెపాసిటర్ ఉండును. దానిని నింపు ప్రవాహము పరిమితమగుటచే బఫర్ వేగమునకు ఒక హద్దు ఏర్పడును. 1968లో వెలువడి ప్రసిద్ధి కెక్కిన 741 అను ఆంప్లిఫయరులో ఈ కెపాసిటర్ 30 పికోఫారడులు. దాని వేగము మైక్రోసెకండునకు సుమారు అర వోల్టు.

ఈ సంబంధమును కండ్లకు కట్టినట్లు చూపునది టి.ఎల్.సి.271 అను మరియొక ఆంప్లిఫయరు. దాని ఎనిమిది కాళ్లలో ఒకటి వేగమును ఎన్నుకొనుటకే ఉన్నది. 5 వోల్టులపై అధిక స్థితిలో అది సుమారు 675 మైక్రో ఆంపియర్లు తీసికొని మైక్రోసెకండునకు 3.6 వోల్టుల వేగము నిచ్చును. మధ్య స్థితిలో 105 మైక్రో ఆంపియర్లకు 0.43 వోల్టు; అల్ప స్థితిలో 10 మైక్రో ఆంపియర్లకు 0.03 వోల్టు మాత్రమే.

2000 మిల్లీ ఆంపియరు గంటల బ్యాటరీపై ఈ బఫరు ఒక్కటే ఆధారపడినదనుకొనుడు. అధిక స్థితిలో అది సుమారు 123 దినములు నడచును. ఆగస్టులో పెట్టిన బ్యాటరీ సంక్రాంతికి ముందే, పైరు నీటికై ఎదురుచూచుచుండగానే అయిపోవును. మధ్య స్థితిలో రెండేండ్లకు పైగా వచ్చును. అల్ప స్థితిలో లెక్కకు 22 ఏండ్లు దాటును. కాని బ్యాటరీ తనంతట తానే అంతకు చాల ముందుగా నీరసించును.

అట్లయిన అల్ప స్థితియే మేలని తోచవచ్చును. అక్కడనే ప్రమాద మున్నది. పరికరము ఒకే బఫరుతో మొదట నేల తేమను, వెంటనే నీటిమట్టమును కొలుచుచున్నదనుకొనుడు. తేమకు ఒక వోల్టు. మట్టమునకు మీటరుకు ఒక వోల్టు చొప్పున, మూడు మీటర్ల నీటికి మూడు వోల్టులు. మీట మార్చిన 20 మైక్రోసెకండులకు అంకె వ్రాసికొనబడును. ఆ వ్యవధిలో అల్ప స్థితి బఫరు 0.6 వోల్టు మాత్రమే ఎక్కగలదు. కావున మూడు మీటర్ల నీరు 1.6 మీటర్లుగా నమోదగును. పరికరము చెడిపోలేదు, బ్యాటరీ తరుగలేదు. ఐనను అంకె తప్పు. ఆ అంకెను నమ్మి తూము ఎత్తినవాడు అవసరము లేని నీటిని వదలును.

మధ్య స్థితిలో ఈ రెండు వోల్టుల ఎక్కుడు ఐదు మైక్రోసెకండులలోపే ముగియును. ఆపై కుదుటపడుటకు కొంత వ్యవధి పట్టినను 20 మైక్రోసెకండులు చాలును. కాని అంతకంటె చవుకయైన మార్గము వేరొకటి ఉన్నది. అల్ప స్థితికి ఆ ఎక్కుడునకు సుమారు 67 మైక్రోసెకండులు పట్టును. అంకె వ్రాసికొనుటకు ముందు 20కి బదులు 150 మైక్రోసెకండులు ఆగినచో కొలత సరిపోవును. కాలువ మట్టము నిమిషములలో మారునదే గాని మైక్రోసెకండులలో మారునది కాదు. ఇక్కడ ఓర్పునకు వెల లేదు.

అన్ని పనులకును ఈ ఓర్పు చెల్లదు. సెకండునకు 20,000 కంపనములు గల ధ్వని సంకేతమును, ఒక వోల్టు ఎత్తున, చెడకుండ అందింపవలెనన్న మైక్రోసెకండునకు 0.126 వోల్టు వేగము తప్పనిసరి. అందుకు అల్ప స్థితి చాలదు. మధ్య స్థితి చాలును. అధిక స్థితి అనవసర వ్యయము.

వేగమును ఎల్లప్పుడును కొననక్కర లేదు కూడ. కొన్ని బఫరులు నిలుకడగా నున్నపుడు స్వల్ప ప్రవాహముతో గడిపి, లోపలికిని బయటికిని వోల్టేజి భేదము హెచ్చినపుడు మాత్రమే అధిక ప్రవాహము నిచ్చునట్లు నిర్మింపబడును. వీటిని ఎ.బి. తరగతి వలయము లందురు. మరికొన్ని పరికరములు కొలత వేళ మాత్రమే మేల్కొని, తక్కిన కాలమంతయు నిద్రించును. నిమిషమున కొక మిల్లీసెకండు మాత్రమే 675 మైక్రో ఆంపియర్లు వాడినచో, సగటున అది 0.011 మైక్రో ఆంపియరు మాత్రమే అగును.

కావున బఫరు నెన్నుకొనువాడు మొదట అడుగవలసినది "ఇది ఎంత వేగమైనది?" అని కాదు. కొలువబడు వస్తువు ఎంత త్వరగా మారును, బఫరు నింపవలసిన ధారిత ఎంత, అంకె వ్రాయుటకు ముందు ఎంత ఆగవచ్చును - ఈ మూడును తెలిసినచో కావలసిన ప్రవాహము పై సూత్రమునుండియే ఇంచుమించుగా వచ్చును. అంతకు తక్కువైన కొలత చెడును. మిక్కిలి ఎక్కువైన బ్యాటరీ చెడును.