‘పాజిటివ్’ అంటే మంచిదేనా?

“రిపోర్టులో పాజిటివ్ అని ఉంది, మంచిదే కదా సిస్టర్?” అని కొందరు మమ్మల్ని అడుగుతుంటారు. మామూలు మాటల్లో పాజిటివ్ అంటే మంచిదే. ల్యాబులో మాత్రం, వెతికినది కనబడిందని అర్థం. కళ్ళె పరీక్షలో టి.బి. పాజిటివ్ వస్తే వెంటనే డాక్టరును కలిసి మందులు మొదలుపెట్టాలి. నెగెటివ్ వచ్చినా దగ్గు తగ్గకపోతే మళ్ళీ చూపించుకోవాలి.

రక్తం గ్రూపులో ఈ మాటలకు అర్థం వేరు. ఓ పాజిటివ్, ఓ నెగెటివ్ అనేవి జబ్బులు కావు. అయితే తల్లిది నెగెటివ్, బిడ్డది పాజిటివ్ గ్రూపు అయితే, కాన్పయిన 72 గంటలలోపు తల్లికి యాంటీ-డి ఇంజెక్షన్ అవసరమవుతుంది. లేకపోతే తరువాతి బిడ్డకు ప్రమాదం కలగవచ్చు.

కాబట్టి ఒక్క మాట చూసి సంతోషపడవద్దు, భయపడవద్దు. అది ఏ పరీక్షో, దేనికోసం చేశారో అడిగి తెలుసుకోండి.