రీసెర్చ్ అంటే ఏ రీసెర్చ్?

మా పెద్దమ్మాయి పన్నెండో తరగతి. పోయిన చలికాలం ఒక శుక్రవారం పొద్దున, ఖైతాన్‌లో మా ఫ్లాట్‌లో ఇడ్లీలు తింటూ తింటూ, "నాన్నా, నేను కంప్యూటర్ సైన్సు చదవను. రీసెర్చ్ చేస్తాను" అంది.

"దేంట్లో?" అన్నాను.

"ఇంకా తెలీదు."

నాకు నవ్వొచ్చింది. "అది వంట చేస్తాను అన్నట్టుందమ్మా. ఏం వంట అని అడిగితే తెలీదంటే ఎలా?" అన్నాను. వాళ్ళమ్మ నా వేపు చూసిన చూపుకి ఆగిపోయాను. అమ్మాయి తిరుపతిలో 2015లో పెట్టిన ఐసర్ గురించి, అక్కడి అయిదేళ్ళ కోర్సు గురించి ఏదో చెప్పబోయి, చెప్పకుండానే లేచి వెళ్ళిపోయింది.

ఒప్పుకోవాలి, నాకూ తెలీదు. కాకినాడలో మెకానికల్ చదివి, అందరితోపాటు సాఫ్ట్‌వేర్‌లో పడ్డవాణ్ణి. రీసెర్చ్ అనగానే నాకు కనబడేది తెల్లకోటు, గాజు గొట్టం, చింపిరి జుట్టు. లేదా పేరు ముందు ‘డాక్టర్’ అని వేసుకుని ఉద్యోగం కోసం తిరిగే మా క్లాస్‌మేట్. ఇక్కడ మన తెలుగు కుటుంబాలు కలిసినప్పుడు పిల్లల చదువుల మాట వస్తే మెడిసినా, కంప్యూటర్సా అన్నంతవరకే సాగుతుంది. మూడో మాట ఎవరైనా అంటే, పాపం సీటు రాలేదేమో అనుకుంటాం.

ఆ నవ్వు నన్ను కొన్నాళ్ళు బాధపెట్టింది. సాయంత్రాలు కూచుని చదవటం మొదలుపెట్టాను. ఎక్కడ మొదలుపెట్టాలో తోచక, చేతిలో ఉన్న మంచినీళ్ళ గ్లాసుతోనే మొదలుపెట్టాను.

కువైట్‌లో నది లేదు, చెరువు లేదు. పూర్వం షత్-అల్-అరబ్ నుంచి పడవల్లో నీళ్ళు తెచ్చి అమ్మేవారు. 1953లో షువైఖ్‌లో ప్రభుత్వం సముద్రపు నీటిని మరగబెట్టి మంచినీళ్ళు చేసే ప్లాంటు పెట్టింది. కానీ నీళ్ళు మరగబెట్టటం ఎంత ఖర్చో గ్యాస్ బిల్లు కట్టేవాళ్ళందరికీ తెలుసు. గ్లాస్గోలో వెయిర్ కంపెనీలో పనిచేసిన రాబర్ట్ సిల్వర్ అనే ఇంజనీరు దీన్ని మార్చాడు. ప్రెషర్ కుక్కర్‌లో ఒత్తిడి పెరిగితే నీళ్ళు నూరు డిగ్రీలు దాటినా మరగవు కదా. దాన్ని తిరగేసి చూడండి. ఒత్తిడి తగ్గిస్తే తక్కువ వేడికే మరుగుతాయి. వేడి నీళ్ళని ఒక గదిలోంచి ఇంకా తక్కువ ఒత్తిడి ఉన్న మరో గదిలోకి, అక్కణ్ణించి ఇంకో గదిలోకి వదులుతూ పోతే, ప్రతి గదిలోనూ కొంత నీరు భగ్గున ఆవిరవుతుంది. ఆ ఆవిరి చల్లబడుతూ లోపలికొచ్చే సముద్రపు నీళ్ళని వేడి చేస్తుంది. ఒకసారి ఖర్చుపెట్టిన వేడిని పదిసార్లు వాడుకున్నట్టు. ఈ పద్ధతిని మొదట్లోనే నమ్మి పెద్ద ఎత్తున పెట్టుకున్న దేశాలలో కువైట్ ఒకటి. నేను కాకినాడలో హీట్ ట్రాన్స్‌ఫర్ పరీక్షలో రాసి మరిచిపోయిన లెక్కలు పాతికేళ్ళుగా మా ఇంటి కుళాయిలోంచి కారుతున్నాయన్నమాట!

ఇది ఒక రకం పరిశోధన. సిల్వర్ కొత్త ప్రకృతి సూత్రమేదీ కనిపెట్టలేదు. ఉన్న సూత్రాలని ఖర్చు తగ్గేలా అమర్చాడు.

దాని పక్కనే ఇంకో రకం. నీళ్ళు మరీ వేడి చేస్తే మన గీజరు రాడ్డు మీద తెల్లగా పేరుకున్నట్టే గొట్టాలలో కాల్షియం సల్ఫేటు గట్టిపడిపోతుంది. అందుకని ఎంత వేడి దాకా పోవచ్చు, ఏ మందు ఎన్ని చుక్కలు కలిపితే అది పేరుకోదు అని ఏళ్ళ తరబడి చూసే రసాయన శాస్త్రజ్ఞులున్నారు. ఉప్పునీళ్ళకి ఏ లోహం ఎన్నేళ్ళు ఆగుతుందని చూసేవాళ్ళు వేరు. సముద్రంలో నాచు ఎప్పుడు విరగబడుతుందని చూసే జీవశాస్త్రజ్ఞులు వేరు. 2008-09లో గల్ఫ్‌లో ఎర్రనాచు ముసిరి ఎమిరేట్స్‌లో, ఒమన్‌లో కొన్ని నీళ్ళ ప్లాంట్లు ఆపెయ్యాల్సి వచ్చింది. కంటికి కనబడని ఒక జీవి, అన్ని కోట్ల యంత్రాన్ని ఆపేసింది.

ఇక మరగబెట్టకుండా వడగట్టే పద్ధతి. 1960 ప్రాంతంలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సిడ్నీ లోయెబ్, మన దేశంనుంచి వెళ్ళిన శ్రీనివాస సౌరిరాజన్ కలిసి, నీళ్ళని పోనిచ్చి ఉప్పుని ఆపే పలచని పొర తయారుచేశారు. ఇవాళ మన వంటింట్లో గోడకి తగిలించిన ఆర్.ఓ. ఫిల్టరు ఆ పొర మనవడే. ఆ పొరకి ఒక చిన్న బలహీనత ఉంది. బోరాన్ సముద్రపు నీళ్ళలో ఆవేశం లేని చిన్న అణువుగా ఉంటుంది కాబట్టి, ఉప్పుని ఆపినంత బాగా దాన్ని ఆపలేదు. ఒక్క బోరాన్‌ని ఆపటం కోసం జీవితం గడిపినవాళ్ళున్నారు. మొదట ఇది చదివినప్పుడు జాలేసింది. తరవాత, నేను ఒక బ్యాంకు సాఫ్ట్‌వేర్‌లో ఒక్క తేదీ ఫార్మాట్ బగ్ వెనక నాలుగు నెలలు పడ్డ సంగతి గుర్తొచ్చి ఊరుకున్నాను.

ఇవన్నీ ఎక్కడో జరిగేవి అనుకోకండి. షువైఖ్‌లో 1967లో ఏర్పడ్డ కువైట్ శాస్త్ర పరిశోధనా సంస్థ ఉంది. మొదట దాన్ని పెట్టింది ఇక్కడ చమురు తీసిన జపాన్ వాళ్ళ అరేబియన్ ఆయిల్ కంపెనీ. నగరానికి పడమటగా ఎడారిలో షగాయా దగ్గర ఈ సంస్థ పూనుకుని మొదలుపెట్టిన విద్యుత్ కేంద్రంలో మూడు రకాలున్నాయి. ఎండని అద్దాలతో కేంద్రీకరించి కరిగిన ఉప్పులో వేడి దాచుకునే 50 మెగావాట్ల ప్లాంటు, 10 మెగావాట్ల సోలార్ పలకలు, 10 మెగావాట్ల గాలిమరలు. ఇక్కడ ఎండకి కొరత లేదు, కష్టమంతా దుమ్ముతోనే. తుఫాను లేస్తే మన బాల్కనీలో బట్టలెలా అవుతాయో పలకలూ అంతే. నీళ్ళు వాడకుండా తుడవటం ఎలా? ఇదీ పరిశోధనే. పేరుకి గ్లామరు లేదంతే.

గ్లామరున్నదీ ఒకటి చెప్తాను. 2025లో రసాయన శాస్త్రంలో నోబెల్ ముగ్గురికి వచ్చింది. వాళ్ళలో ఒకరు ఒమర్ యాఘీ. అమ్మాన్‌లో పాలస్తీనా శరణార్థుల కుటుంబంలో, వారానికో రెండు వారాలకో ఒకసారి నీళ్ళొచ్చే ఇంట్లో పెరిగినాయన. లోహపు అణువులనీ కర్బన అణువులనీ కట్టెలూ ముడులూలాగ కలిపి, లోపలంతా ఖాళీ గదులుండే స్ఫటికాలు కట్టారు ఈ ముగ్గురూ. మొదట్లో అది కేవలం ‘ఇలా కట్టవచ్చా?’ అన్న కుతూహలమే. తరవాత ఆ గదులు ఎడారి గాలిలోంచి రాత్రి తేమ పీల్చుకుని పగటి ఎండకి నీళ్ళుగా విడిచిపెట్టగలవని చూపించారు.

ఇంతవరకూ చదివి, అమ్మాయికి చెప్పటానికి మంచి ఉపన్యాసమే తయారైందనుకున్నాను. అప్పుడే, మా బిల్డింగులో కింది అంతస్తులో ఉండే ఒక తమ్ముడు వచ్చాడు. కవిటి దగ్గర పల్లె. ఇక్కడ సెంట్రింగు పని. ఊళ్ళో ఉన్న వాళ్ళన్నకి కిడ్నీలు పోయాయి, వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆ రిపోర్టులు ఫోన్లో వస్తే నాచేత చదివించుకుంటాడు. టేబుల్ మీద నా కాయితాలు చూసి ఏమిటన్నాడు. పరిశోధన గురించన్నాను.

"మా ఊళ్ళో ఇరవై ఏళ్ళ నుంచి అదే కదన్నయ్యా. రక్తం తీసుకెళ్తన్నారు, నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్తన్నారు. ఏటి తేల్చినారు?"

ఉద్దానం గురించి తెలియనివాళ్ళకి రెండు మాటలు. శ్రీకాకుళం జిల్లాలో కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, పలాస ప్రాంతం. కొబ్బరి, జీడిమామిడి తోటలు. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. అక్కడ షుగరూ బీపీ లేనివాళ్ళకి కూడా కిడ్నీలు చెడిపోతున్నాయి. 2019 తరవాత వచ్చిన సర్వేల ప్రకారం పెద్దవాళ్ళలో ఇంచుమించు ప్రతి ఐదారుగురిలో ఒకరికి కిడ్నీ జబ్బు ఉంది. ఇందులో చాలామందికి కారణం తెలీదు. జబ్బు పేరులోనే ‘కారణం తెలియని’ అని ఉంటుంది.

ఆ తమ్ముడి ప్రశ్నకి నా ఉపన్యాసంలో జవాబు లేదు. మళ్ళీ చదవటం మొదలుపెట్టాను. ఈసారి నిజంగా తెలుసుకోవాలని చదివాను.

ఒక జబ్బు వెనక ఎంతమంది ఎన్ని దిక్కులనుంచి వస్తున్నారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు రాళ్ళలోంచి నీళ్ళలోకి ఏం దిగుతోందని చూస్తారు. సిలికా అని కొందరు అన్నారు. రసాయనం వాళ్ళు సీసం, కాడ్మియం వెతికారు. వ్యవసాయం వేపు వాళ్ళు పురుగుమందులంటారు. ఒళ్ళునొప్పులకి మింగే మాత్రలని డాక్టర్లు అనుమానిస్తారు. జన్యువులు చూసేవాళ్ళు కొందరికే ఎందుకొస్తోందని అడుగుతారు. వీళ్ళెవరూ కాకుండా, ఆశా కార్యకర్తలతో కలిసి ఇంటింటికీ తిరిగి ‘రోజుకెన్ని నీళ్ళు తాగుతావమ్మా’ అని అడిగి రాసుకునేవాళ్ళున్నారు. నా దృష్టిలో అందరికంటే కష్టమైనది వీళ్ళ పని. పేరు మాత్రం అందరికంటే తక్కువ.

గణితం వాళ్ళు కూడా ఉన్నారు. రిపోర్టులో కిడ్నీ ఇంత శాతం పనిచేస్తోందని వేసే అంకె నేరుగా కొలిచింది కాదు. రక్తంలో క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి ఒక సూత్రంలో వేసి తీసిన అంచనా. ఆ సూత్రం ఎక్కువగా అమెరికా జనాభా మీద తయారైనది. కండ తక్కువగా ఉండే మన పల్లె మనిషికి క్రియాటినిన్ కూడా తక్కువే, కాబట్టి కిడ్నీ ఉన్నదానికంటే బాగున్నట్టు కనబడవచ్చు. వాళ్ళన్న పాత రిపోర్టులు తీసి చూస్తే, మొదటి రెండేళ్ళూ ‘పరవాలేదు’ అన్నట్టే ఉన్నాయి. ఇదే కారణమని నేననలేను. చదివాక రాత్రి నిద్ర మాత్రం పట్టలేదు.

మరో దిక్కు ఎండ. ఎల్ సాల్వడార్, నికరాగువాల్లో చెరకు కోసే కూలీలకి ఇలాంటి జబ్బే వస్తోంది. శ్రీలంక ఉత్తర మధ్య ప్రాంతంలో వరి రైతులకీ వస్తోంది. ఎండలో గంటల తరబడి పని, చాలినన్ని నీళ్ళు లేకపోవటం రోజూ కొంచెం కొంచెంగా కిడ్నీని తింటుందని ఒక వాదం. గల్ఫ్‌లో పనిచేసి తిరిగెళ్ళిన నేపాలీ కూలీల విషయంలో కూడా ఇదే ప్రశ్న వేస్తున్నారు. 2016 జులై 21న కువైట్‌లోనే మిత్రిబాలో 53.9 డిగ్రీలు నమోదైంది. జూన్ నుంచి ఆగస్టు దాకా పగలు పదకొండు నుంచి నాలుగు వరకూ బయట పని చేయించకూడదని ఇక్కడ నియమం ఉంది. ఆ నియమం వెనక కూడా ఏ వేడికి శరీరం ఏమవుతుందని కొలిచినవాళ్ళ పని ఉంది. ఇది చదివాక ఆ తమ్ముడికి ఫోన్ చేసి, "పని దగ్గర నీళ్ళు తాగుతున్నావా?" అని అడిగాను. "తాగుతన్నాను అన్నయ్యా, అవి కూడా వేడే" అన్నాడు. నిజమే, వేసవిలో డాబా మీద ట్యాంకు నీళ్ళు కాలిపోతాయి. మేం గీజరు ఆపేసి, దాన్లో నీళ్ళే చల్లనివిగా వాడుకుంటాం.

ఇంతమంది వెతికాక ఏం తేలింది? ఒక్క దోషీ దొరకలేదు. చాలా అనుమానాలు బలహీనపడ్డాయి, కొన్ని మిగిలాయి, బహుశా అనేక కారణాలు కలిసి ఉండవచ్చని చాలామంది అంటున్నారు. ‘ఇది కాదు’ అని తేల్చటం కూడా ఫలితమే అని శాస్త్రజ్ఞులు అంటారు. మాట సరైనదే, కానీ డయాలసిస్ కుర్చీలో కూచున్నవాడి తమ్ముడితో ఎలా చెప్పను? ఈలోగా ఇంజనీర్లు, కారణం తేలేదాకా ఆగకుండా, హిరమండలం రిజర్వాయరు నుంచి గొట్టాలు వేసి ఊళ్ళకి నీళ్ళిచ్చే పని చేశారు. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, ఆసుపత్రి 2023 డిసెంబరులో మొదలయ్యాయి. నీళ్ళే కారణమని రుజువు కాలేదు కదా అని కొందరంటారు. మంచి నీళ్ళివ్వటానికి రుజువెందుకు?

వాళ్ళన్న రిపోర్టులో ఫాస్ఫరస్ అని ఒక గడి ఉంటుంది. కిడ్నీలు చెడితే అది పెరుగుతుంది. రక్తంలో దాన్ని రంగునిబట్టి కొలిచే పద్ధతిని 1925లో ఫిస్క్‌తో కలిసి హార్వర్డ్‌లో తయారుచేసింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. తరాల తరబడి ప్రయోగశాలలు ఆ పద్ధతే వాడాయి. ఆయన జబ్బు నయం చేద్దామని దాన్ని మొదలుపెట్టలేదు, సరిగ్గా కొలుద్దామనుకున్నారు. ఆ కొలత పట్టుకునే కండరాలలో శక్తి ఎలా నిలవ ఉంటుందో తెలిసింది. తరవాత మందుల కంపెనీలో ఆయన బృందం చేసిన మందులలో బోదకాలుకి వాడే డైఇథైల్ కార్బమజీన్ ఒకటి. కొలవటం, తెలుసుకోవటం, తయారుచెయ్యటం అన్న మూడు రకాల పనినీ ఒకే మనిషి చేశారు. ఇవాళ ఒక్కోదానికి వందలమంది కావాలి.

మార్చిలో ఒక సాయంత్రం ఆ తమ్ముడు కొత్త రిపోర్టుతో వచ్చాడు. నేనింకా ఆఫీసునుంచి రాలేదు. తలుపు తీసేసరికి అమ్మాయి అతని ఎదురుగా కూచుని ఉంది, ఒళ్ళో నోటు పుస్తకం.

"చిన్నప్పుడు ఏ బావి నీళ్ళు తాగేవారు బాబాయ్? మీరూ, పెద్దబాబాయీ ఒకే బావివా?"

అతను ఆలోచించాడు. "ఒకటే బావమ్మా. కానీ అన్నయ్య తోటలో ఎక్కువ ఉండీవోడు. అక్కడ ఇంకోటుంది."

ఆమె రాసుకుంది. నేను చెప్పులు విప్పి, చప్పుడు చెయ్యకుండా టీ పెట్టటానికి వంటింట్లోకి వెళ్ళాను.