థాయి మర్దనం - మంచి మర్దనశాలను గుర్తించే విధం

అలసిన శరీరాన్ని చేతులతో ఒత్తి సేదదీర్చడం మానవునికి అతి ప్రాచీన కాలం నుండి తెలిసిన విద్య. పసిబిడ్డను కాళ్ళపై పరుండబెట్టుకొని నూనె రాచి, కాళ్ళు చేతులు సాగదీసి నీళ్ళు పోసే మన అమ్మమ్మలకు ఏ కళాశాలా పట్టా ఇవ్వలేదు. హమాము అన్న మాట మన హైదరాబాదు వారికి కొత్త కాదు. ఇటీవలి కాలంలో వీటన్నింటి స్థానంలో 'స్పా' అన్న మాట వచ్చి కూర్చున్నది. అది నిజానికి ఖనిజ జలాల ఊటలకు ప్రసిద్ధి చెందిన ఒక బెల్జియం పట్టణం పేరు. దానికి 'థాయి' అన్న విశేషణం చేరేసరికి జనులలో ఆకర్షణతోపాటు అనుమానం కూడా కలుగుతున్నది. ఆ అనుమానానికి కారణాలు లేకపోలేదు. కాని దాని భారమంతా కష్టపడి విద్య నేర్చిన చేతుల మీద పడుతున్నది. అందుచేత బ్యాంకాకు నగరంలో మంచి మర్దనశాలను ఎట్లా గుర్తించవచ్చునో వివరించాలని మా ఉద్దేశం.

థాయి భాషలో మర్దనాన్ని 'నువత్' అంటారు. సంప్రదాయ పద్ధతిలో నూనె వాడరు. పలుచని పరుపుపై, వదులైన నూలు దుస్తులు ధరించియే పడుకోవాలి. మర్దకురాలు పాదాలతో ప్రారంభించి క్రమంగా పైకి వస్తుంది. బొటనవ్రేళ్ళతో, అరచేతులతో, మోచేతులతో, ఒక్కొక్కప్పుడు మోకాళ్ళతో ఒత్తి, ఆపైన కాళ్ళను, నడుమును, భుజాలను వంచి సాగదీస్తుంది. ఇది సామాన్య ప్రజల పద్ధతి. రాజాస్థానంలో మరొక పద్ధతి పెరిగింది. అందులో చేతులు తప్ప మరేదీ ప్రభువు శరీరాన్ని తాకరాదు; మర్దకుడు మోకాళ్ళపై నడచి సమీపించి, మర్యాదకు తగిన దూరంలో కూర్చుండి ఒత్తవలెను.

నాభి పరిసరాల నుండి పది రేఖలు శరీరమంతటా వ్యాపించి ఉంటాయని వారి శాస్త్రం చెబుతుంది. వాటిలో మూడింటి పేర్లు ఇత్థా, పింగఖలా, సుమనా. మన యోగశాస్త్రంలోని ఇడ, పింగళ, సుషుమ్నలు ఇక్కడ గుర్తుకు రాక మానవు. ఈ విద్యకు మూలపురుషుడుగా వారు పూజించేది కూడా మగధరాజు బింబిసారుని వైద్యుడైన జీవకుని. బౌద్ధ గాథలలో జీవకుడు ఔషధాలకు, శస్త్రచికిత్సకు ప్రసిద్ధుడు. మర్దనానికి ఆద్యుడనడం సంప్రదాయ విశ్వాసమే అని మా అభిప్రాయం. అట్లే ఆ పది రేఖలను ఆధునిక శరీరశాస్త్రం గుర్తించదు. అయినప్పటికీ కండరాల బిగువును సడలించి, నడుము నొప్పిని తాత్కాలికంగా ఉపశమింపజేయడంలో ఈ మర్దనం వలన ప్రయోజనం ఉన్నదని వైద్య పరిశీలనలు చెబుతున్నాయి.

బ్యాంకాకులో రాజప్రాసాదానికి చేరువగా వాట్ ఫో అనే బౌద్ధాలయం కలదు. మూడవ రామరాజు 1832లో ఈ ఆలయ పునరుద్ధరణకు పూనుకొని, నాటి విజ్ఞానాన్నంతటినీ శిలలపై చెక్కించాడు. వైద్యం, కవిత్వం, నీతి - అన్నీ అందులో ఉన్నాయి. మర్దనానికి సంబంధించి 60 ఫలకాలలో మానవ దేహాన్ని చిత్రించి, ఏ బాధకు ఎక్కడ ఒత్తాలో చూపించారు. గురువు చెవిలో చెప్పే రహస్యాన్ని దారిన పోయేవాడు కూడా చదువుకొనేటట్లు గోడకెక్కించిన ఆ రాజును మేము ప్రత్యేకంగా అభినందిస్తున్నాము. ఈ శాసనాలను యునెస్కో 2011లో ప్రపంచ స్మృతి పట్టికలో చేర్చింది; థాయి మర్దన విద్యను 2019లో మానవజాతి అమూర్త సాంస్కృతిక వారసత్వంగా గుర్తించింది. ఆలయంలో 1955లో స్థాపించిన సంప్రదాయ వైద్య పాఠశాల నేటికీ శిక్షణ ఇస్తున్నది.

ఇక అసలు విషయానికి వద్దాము. ఆ నగరంలో మర్దనం బోర్డులు లెక్కకు మించి ఉంటాయి. పెద్ద హోటళ్ళలోని స్పాలలో పాలరాయికీ, పరిమళానికీ కూడా మనమే డబ్బు ఇచ్చుకొంటాము. వీధిలోని స్వతంత్ర దుకాణంలో సాధారణ మర్దనానికి గంటకు సుమారు 250 నుండి 400 బాత్‌లు అవుతుంది. ధర తక్కువైనందున పని తక్కువని అనుకోరాదు; పలుచోట్ల యజమానురాలే స్వయంగా పని తెలిసిన మనిషి. థాయి ప్రభుత్వం 2016లో ఆరోగ్య సంస్థల చట్టం చేసింది. దాని ప్రకారం ఇట్టి దుకాణానికి అనుమతి పత్రం, పనిచేసే వారికి శిక్షణ, నమోదు ఉండాలి. ఆరోగ్య మర్దనానికి 150 గంటల పాఠ్యక్రమం ప్రసిద్ధమైనది. 'స్నానం, ఆవిరి, మర్దనం' అని పెద్ద దీపాలతో పిలిచే భవనాలు వేరు. అవి 1966 నాటి వినోదస్థలాల చట్టం క్రిందికి వస్తాయి. వాటి సంగతి ఇంతటితో వదలివేస్తున్నాము.

అనుమతి పత్రం గోడపై ఉన్నదా అని ముందుగా చూడండి. ధరల పట్టిక బయటనే ఉండాలి. ఆటోవాడు తానై తీసుకొనిపోయే చోటికి వెళ్ళకపోవడం మేలు. అతని కమీషను మన జేబు నుండే పోతుంది. లోపలికి పోగానే కాళ్ళు కడిగి, ఎక్కడ నొప్పి, ఏ జబ్బు ఉన్నదని అడిగే చోటు నమ్మదగినది. అడగకపోతే మనమే చెప్పవలెను. జ్వరం ఉన్నవారు, ఎముక విరిగి పూర్తిగా అతకనివారు, రక్తనాళాలలో గడ్డలు ఉన్నవారు మర్దనానికి పోరాదు. గర్భిణులు, అధిక రక్తపోటు గలవారు వైద్యుని అడిగిన పిమ్మటనే పోవాలి. మెడను పట్టుకొని విరిచినట్లు త్రిప్పబోతే నిస్సంకోచంగా వద్దనండి. నొప్పి పుట్టినకొద్దీ గుణమన్న మాట అబద్ధం. మెల్లగా ఒత్తమనడానికి థాయి భాషలో 'బావ్ బావ్' అంటారు. మన తెలుగు యువకులకు ఈ మాట నేర్చుకొనుట కష్టం కాదు!

నేర్పుగలవారు మణికట్టు బలంతో కాక శరీరపు బరువును ఆనించి ఒత్తుతారు. ఊపిరి విడిచే వేళను కనిపెట్టి సాగదీస్తారు. చూపు లేనివారు శిక్షణ పొంది పనిచేసే మర్దనశాలలు కూడా అక్కడ ఉన్నాయి. వారి వ్రేళ్ళ సున్నితత్వాన్ని మెచ్చనివారు అరుదు.

అన్నింటికంటే మేము ముఖ్యంగా చూడమనేది ఒకటి ఉన్నది. ఈ వృత్తిలో ఈశాన్య జిల్లాల నుండి పొట్టచేతబట్టుకొని వచ్చిన స్త్రీలు అధికం. చాలాచోట్ల వారికి నెల జీతం ఉండదు. చేసిన గంటలకు వాటా మాత్రమే. గిరాకీ లేని రోజున గుమ్మం దగ్గర కూర్చున్న గంటలకు విలువ లేదు. సంవత్సరాలు గడిచేసరికి బొటనవ్రేళ్ళ కీళ్ళు అరిగి వారికే మర్దనం అవసరమవుతుంది. కనుక ఒకే దుకాణంలో అవే ముఖాలు ఏళ్ళ తరబడి కనిపిస్తే, ఇరుగుపొరుగు థాయిలే వచ్చి ఫలానా ఆమె కావాలని పేరుతో అడుగుతుంటే, అక్కడ వాటా న్యాయంగా అందుతున్నదనీ, పని బాగుందనీ గ్రహించవచ్చు. పని ముగిశాక ఇచ్చే బహుమానాన్ని గల్లా పెట్టె దగ్గర కాక ఆమె చేతికే ఇవ్వడం అక్కడి మర్యాద.

మొదటిసారి వెళ్ళేవారు వాట్ ఫో ఆవరణలోని మర్దన మంటపంతో ప్రారంభించవచ్చు. ధర బయటి దుకాణాల కంటె కొంత ఎక్కువ, రద్దీ కూడా ఎక్కువే. ఉదయం ఆలయం తెరచిన వెంటనే వెళ్ళితే వేచి ఉండే పని తక్కువ. వేచి ఉన్నా ఆ 60 ఫలకాలను తీరికగా చూడవచ్చు.