పైడి జైరాజ్: కరీంనగర్ బిడ్డ.. బాలీవుడ్ తొలితరం హీరో.. మనోళ్లకే ఎందుకు తెలియదు?

'షోలే' చూడని వాళ్లు తక్కువ. అమితాబ్ 'డాన్' చూడని వాళ్లూ తక్కువే. ఈ రెండు సినిమాల్లోనూ ఓ పెద్దాయన కాసేపు కనిపించి వెళ్లిపోతారు. మంచి పర్సనాలిటీ, గంభీరమైన ముఖం, తేట ఉర్దూ. ఎవరో ముంబై నటుడు అనుకుని మనం ముందుకెళ్లిపోతాం. కానీ ఆయన మన కరీంనగర్‌లో పుట్టిన మనిషి. పేరు పైడి జైరాజ్.

సినిమాకు మాటలు రాకముందే హీరో అయ్యారు. దిలీప్ కుమార్‌ను డైరెక్ట్ చేశారు. దేవికారాణి చివరి సినిమాలో ఆమె సరసన నటించారు. దేశంలో సినిమా వాళ్లకు ఇచ్చే అతిపెద్ద గౌరవం దాదాసాహెబ్ ఫాల్కే అవార్డు 1980 సంవత్సరానికి ఆయనకే దక్కింది. అయినా ఇవాళ కరీంనగర్ బస్టాండ్‌లో నిలబడి "జైరాజ్ తెలుసా?" అని అడిగితే తెలుసని చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

ఇంతకీ ఎవరీ జైరాజ్? ఇక్కడి నుంచి అక్కడిదాకా ఎలా వెళ్లారు? అంత పెద్ద నటుడు సొంతూళ్లోనే ఎందుకు మరుగున పడ్డారు? చూద్దాం.

లండన్ అనుకున్నారు.. బొంబాయి చేరారు

జైరాజ్ అసలు పేరు పైడిపాటి జైరుల నాయుడు. 1909 సెప్టెంబర్ 28న కరీంనగర్‌లో పుట్టారు. అప్పటికి కరీంనగర్ నిజాం రాజ్యంలో ఓ జిల్లా కేంద్రం. ఇంట్లో మాట్లాడేది తెలుగు. బడిలో, కచేరీలో, కోర్టులో నడిచేది ఉర్దూ. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కథంతా దీని మీదే తిరుగుతుంది.

పై చదువు హైదరాబాద్ నిజాం కాలేజీలో. నాటకాల పిచ్చి పట్టుకుంది అక్కడే. సినిమా మీద కూడా మనసు పడింది. ఇంగ్లండ్ వెళ్లి ఇంకా చదవాలన్నది కుర్రాడి కోరిక. ఇంట్లో ఒప్పుకోలేదు. ఆ బాధతోనే 1929లో, ఇరవై ఏళ్ల వయసులో, బొంబాయి రైలెక్కేశారు.

బొంబాయే ఎందుకు? హైదరాబాద్‌లో సినిమా లేదా అంటే.. ఉండేది, కానీ నిలబడలేదు. 1920ల మొదట్లో ధీరేంద్రనాథ్ గంగూలీ అనే బెంగాలీ హైదరాబాద్ వచ్చి లోటస్ ఫిల్మ్ కంపెనీ పెట్టారు. ఇక్కడే మూకీలు తీశారు, సినిమా హాళ్లు నడిపారు. 1924లో 'రజియా బేగం' అనే సినిమా ఆడించారు. ముస్లిం రాణికి, హిందూ యువకుడికి మధ్య ప్రేమకథ అది. నిజాం ప్రభుత్వానికి నచ్చలేదు. గంగూలీని రాజ్యం విడిచి వెళ్లమన్నారు. దాంతో హైదరాబాద్‌లో సినిమా తీసే పని అంతటితో ఆగిపోయింది.

అంటే జైరాజ్ కాలేజీ చదువు పూర్తిచేసే నాటికి సొంత రాజ్యంలో సినిమా అవకాశమే లేదు. మద్రాసులో కూడా అప్పటికి మూకీల తొలి అడుగులే. సినిమాల్లో చేరాలంటే బొంబాయో, కలకత్తానో పోవాల్సిందే.

మాటల్లేని సినిమాల్లో మొదలు

1929లోనే 'జగ్‌మగాతీ జవానీ' అనే మూకీలో తొలి అవకాశం వచ్చింది. ఆ వెంటనే 'రసీలీ రాణి'లో హీరో వేషం. అప్పట్లో బొంబాయి మూకీలంటే కత్తి యుద్ధాలు, గుర్రపు స్వారీలు, కోట గోడలు దూకడాలు. మాటల్లేవు కాబట్టి మనిషి ఒడ్డూ పొడుగూ, కళ్లల్లో పలికే భావమే ముఖ్యం. ఎత్తు, కండ పట్టిన శరీరం ఉన్న జైరాజ్‌కు ఆ కాలం బాగా కలిసొచ్చింది. రెండు మూడేళ్లలోనే పదికి పైగా మూకీలు చేశారు.

అంతలోనే సినిమా రూపమే మారిపోయింది. 1931 మార్చి 14న తొలి భారతీయ టాకీ 'ఆలం ఆరా' బొంబాయిలో విడుదలైంది. తెర మాట్లాడటం మొదలైంది. దాంతో మూకీల్లో వెలిగిన చాలామంది తారలకు కష్టకాలం వచ్చింది. కొందరికి హిందుస్తానీ సరిగా రాదు. కొందరి గొంతు మైకుకు సరిపడలేదు. అందం ఉంది, మాట లేదు.

కరీంనగర్ కుర్రాడికి ఆ ఇబ్బంది రాలేదు. నిజాం రాజ్యంలో పెరిగినవాడికి ఉర్దూ కొత్త కాదు కదా! 1932లో 'షికారీ'తో టాకీల్లోకి అడుగుపెట్టారు. మూకీ హీరో టాకీ హీరోగా నిలబడ్డారు. పృథ్వీరాజ్ కపూర్, మోతీలాల్, అశోక్ కుమార్ లాంటి వాళ్లు ఏలిన కాలంలో వాళ్ల వరసలోనే జైరాజ్ పేరూ వినిపించింది.

పృథ్వీరాజ్ కపూర్ కుటుంబంతో ఆయనకు మంచి స్నేహం. ఆయన పెళ్లాడింది ఢిల్లీకి చెందిన పంజాబీ అమ్మాయి సావిత్రిని. అట్లా కరీంనగర్ నాయుడు గారి అబ్బాయి బొంబాయిలోనే స్థిరపడిపోయారు.

బాంబే టాకీస్ రోజులు.. దిలీప్ కుమార్‌కు డైరెక్టర్

అప్పట్లో నటులంతా కలలుగనే సంస్థ బాంబే టాకీస్. హిమాంశు రాయ్, దేవికారాణి దంపతులు 1934లో పెట్టారు. 1938లో ఆ సంస్థ తీసిన 'భాభీ'లో హీరో జైరాజే. దర్శకుడు జర్మన్ అయిన ఫ్రాంజ్ ఆస్టెన్. హీరోయిన్ రేణుకా దేవి.

ఐదేళ్ల తర్వాత అదే సంస్థలో 'హమారీ బాత్' వచ్చింది. 1943 నాటి ఈ సినిమాకు రెండు ప్రత్యేకతలున్నాయి. ఒకటి, దేవికారాణి నటించిన చివరి సినిమా ఇదే. రెండు, ఇంకా హీరో కాని కుర్ర రాజ్ కపూర్ ఇందులో ఓ చిన్న వేషం వేశారు. దేవికారాణి సరసన హీరో మాత్రం మన జైరాజ్. తర్వాతి కాలంలో మొట్టమొదటి ఫాల్కే అవార్డు అందుకున్నది ఆ దేవికారాణే.

ఇక 1945. బాంబే టాకీస్ 'ప్రతిమ' అనే సినిమా డైరెక్షన్‌ను జైరాజ్‌కు అప్పగించింది. అందులో హీరో అంతకుముందు ఏడాదే 'జ్వార్ భాటా'తో పరిచయమైన యువకుడు. ఆ మొదటి సినిమా పెద్దగా ఆడలేదు. ఆ కుర్రాడి పేరు దిలీప్ కుమార్. అంటే దిలీప్ రెండో సినిమాకు కెమెరా వెనక నిలబడి యాక్షన్ చెప్పింది కరీంనగర్ మనిషి!

సొంత సినిమా పెట్టిన దెబ్బ

నటన, డైరెక్షన్ అయ్యాక నిర్మాతగానూ దిగారు. 1951లో 'సాగర్' తీశారు. నర్గీస్, భరత్ భూషణ్ జంట. ఇంగ్లిష్ కవి టెన్నిసన్ రాసిన ఓ కథాకావ్యం దీనికి ఆధారం. సముద్రంలో పోయాడనుకున్న భర్త ఏళ్ల తర్వాత తిరిగొస్తాడు. వచ్చేసరికి భార్యకు వేరే సంసారం ఉంటుంది.

కథ గట్టిదే. కానీ డబ్బులు రాలేదు. ఆర్థికంగా గట్టి దెబ్బ తగిలింది. అప్పటికే దిలీప్, రాజ్, దేవ్ త్రయం హిందీ తెరను ఏలేస్తోంది. జైరాజ్‌కు నలభై దాటాయి. ఇలాంటి పరిస్థితిలో చాలామంది హీరోలు మాయమైపోతారు. జైరాజ్ మాత్రం కొత్త దారి వెతుక్కున్నారు.

రాజులంటే జైరాజే

ఆ దారి పేరు చారిత్రక సినిమా. కవచం తొడిగి, తలపాగా చుట్టి, చేత కత్తి పట్టుకుంటే జైరాజ్ అచ్చం రాజులాగే ఉండేవారు. ఉర్దూ డైలాగుకు కావాల్సిన బరువు ఆ గొంతులో ఉంది. మూకీల నాటి గుర్రపు స్వారీ, కత్తి యుద్ధం అలవాటు ఎలాగూ ఉంది.

దాంతో 1950ల మధ్య నుంచి వరసగా సినిమాలు. 1956లో హోమీ వాడియా తీసిన జానపదం 'హాతిం తాయ్'. ఆ తర్వాత 'అమర్ సింగ్ రాథోడ్', 1959లో 'సమ్రాట్ పృథ్వీరాజ్ చౌహాన్', 'టిపు సుల్తాన్', 1960లో 'వీర్ దుర్గాదాస్', 1961లో రాణా ప్రతాప్ కథతో 'జై చిత్తోడ్'. వీటిలో చాలావాటిలో ఆయన జోడీ నిరూపా రాయ్. అవునండీ, తర్వాత అమితాబ్ తల్లిగా అందరికీ గుర్తుండిపోయిన ఆ నిరూపా రాయే.

1961లోనే 'రజియా సుల్తానా' కూడా వచ్చింది. ఇక్కడ ఓ విచిత్రం చూడండి. హైదరాబాద్‌లో సినిమాను ఆపేసింది రజియా కథే. హైదరాబాద్‌లో అవకాశం లేక బొంబాయి వెళ్లిన జైరాజ్, ముప్పై ఏళ్ల తర్వాత అదే రజియా కథలో నటించారు. 1963లో స్వాతంత్ర్య సమర వీరుడు 'చంద్రశేఖర్ ఆజాద్' కథలోనూ చేశారు.

ఇవన్నీ మరీ భారీ బడ్జెట్ సినిమాలు కావు. కానీ చిన్న పట్నాల్లో, టూరింగ్ టాకీసుల్లో నేల టికెట్ ప్రేక్షకుడికి చరిత్రలోని వీరుల్ని దగ్గర చేసినవి.

బ్రిటిష్ సినిమాలో కూడా..

చదువు కోసం లండన్ పోనివ్వలేదని ఇల్లు విడిచిన మనిషి చివరికి బ్రిటిష్ సినిమాలోనే నటించారు. 1963లో మార్క్ రాబ్సన్ డైరెక్ట్ చేసిన 'నైన్ అవర్స్ టు రామా' అది. గాంధీజీ హత్యకు ముందు తొమ్మిది గంటల కథ. అందులో పారిశ్రామికవేత్త జి.డి. బిర్లా పాత్ర జైరాజ్‌ది. గాడ్సే పాత్రను జర్మన్ నటుడు హోర్స్ట్ బుహోల్జ్ వేశారు. ఈ సినిమాను భారత ప్రభుత్వం నిషేధించింది. అందుకే మన జనం థియేటర్లో చూడలేకపోయారు. 1966లో మన దగ్గర షూటింగ్ జరుపుకున్న హాలీవుడ్ సినిమా 'మాయా'లోనూ ఆయన ఉన్నారు.

ఆ తర్వాత హీరో వేషాలు పక్కన పెట్టి క్యారెక్టర్ పాత్రలకు మారారు. పోలీస్ ఆఫీసర్, డాక్టర్, జడ్జి, పెద్దింటి మనిషి.. ఏది ఇస్తే అది చేశారు. 1975లో 'షోలే', 1978లో 'డాన్' అలా వచ్చినవే. ఒకప్పుడు పోస్టర్ నిండా తన బొమ్మే ఉన్న నటుడు, రెండు సీన్ల పాత్రకు కూడా టైముకు సెట్‌కు వెళ్లారు. మూకీల నుంచి కలర్ సినిమా దాకా సాగిన ఆయన కెరీర్‌లో సినిమాలు 150 దాటాయి.

మరి మనోళ్లకు ఎందుకు తెలియదు?

అసలు ప్రశ్న ఇదే. జవాబు ఆయన పెరిగిన కాలంలోనే ఉంది.

తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. అప్పటికే జైరాజ్ మూడేళ్లుగా బొంబాయిలో హీరో. తర్వాత తెలుగు సినిమాకు ఇల్లు మద్రాసు అయింది. నటులు, నిర్మాతలు, డబ్బు ఎక్కువగా కోస్తా జిల్లాల నుంచి అక్కడికి చేరారు. నిజాం రాజ్యంలోని కళాకారులకు ఆ దారి అంత తేలిగ్గా దొరకలేదు. స్టూడియోలు కట్టుకుని సినిమా పరిశ్రమ హైదరాబాద్‌లో వేళ్లూనుకునే సరికి జైరాజ్‌కు యాభై దాటేశాయి.

ఇదే కాలంలో బొంబాయి వెళ్లిన మరో తెలుగాయన ఎల్వీ ప్రసాద్. ఆయన 'ఆలం ఆరా'లోనూ, 'భక్త ప్రహ్లాద'లోనూ చిన్న వేషాలు వేశారు. తర్వాత తెలుగు సినిమాకు వచ్చి పెద్ద దర్శకుడయ్యారు. అందుకే ప్రతి తెలుగింట్లో ఆయన పేరు తెలుసు. జైరాజ్ హిందీలోనే ఉండిపోయారు.

అంటే లెక్క ఇలా తేలుతుంది. కరీంనగర్, హైదరాబాద్ ఇచ్చిన ఉర్దూయే జైరాజ్‌ను బొంబాయిలో నిలబెట్టింది. ఆ ఉర్దూ వల్లే ఆయన్ను మనవాళ్లు పరాయివాడు అనుకున్నారు. హిందీ వాళ్లకు ఆయన 'జైరాజ్', అంతే. ఇంటిపేరు పైడిపాటి అని, ఊరు కరీంనగర్ అని వాళ్లకు పట్టింపు లేదు. మనకేమో తెలుగు సినిమా చరిత్రలో ఆయన పేజీ దొరకదు. రెండు వైపులా కాకుండా మధ్యలో జారిపోయారు.

ఫాల్కే అందుకున్న తెలుగువారి పేర్లు చెప్పమంటే అక్కినేని, రామానాయుడు, విశ్వనాథ్ అని టక్కున చెప్పేస్తాం. వాళ్లందరికంటే ముందే, 1974లో బీఎన్ రెడ్డి తర్వాత రెండో తెలుగు వ్యక్తిగా ఆ అవార్డు తీసుకున్నది జైరాజ్. తెలంగాణ గడ్డ మీద పుట్టినవారిలో ఆయనే మొదటివారు.

ఇప్పుడిప్పుడే గుర్తింపు

2000 ఆగస్టు 11న ముంబైలో జైరాజ్ కన్నుమూశారు. అప్పటికి వయసు 90 ఏళ్లు. ప్రత్యేక తెలంగాణ వచ్చాక ఆయన పేరు మళ్లీ వినిపించడం మొదలైంది. హైదరాబాద్ రవీంద్రభారతిలోని ప్రివ్యూ థియేటర్‌కు పైడి జైరాజ్ పేరు పెట్టారు. కొత్త కుర్రాళ్లు తీసిన షార్ట్ ఫిల్ములు, డాక్యుమెంటరీలు అక్కడ ఆడుతుంటాయి. సినిమా తీసే చోటు లేక ఊరు విడిచిన మనిషి పేరు మీద, ఇవాళ ఇక్కడి పిల్లలు తమ మొదటి సినిమా చూపించుకుంటున్నారు. ఇంతకంటే మంచి గుర్తు ఇంకేం ఉంటుంది?

ఉమ్మడి కరీంనగర్ జిల్లా అనగానే ప్రధానిగా పీవీ, జ్ఞానపీఠం అందుకున్న సినారె గుర్తొస్తారు. ఆ వరసలో నిలబెట్టాల్సిన పేరే జైరాజ్. ఈసారి ఫోన్‌లో 'షోలే'నో, 'డాన్'నో చూసేటప్పుడు ఆ పెద్దాయన కనబడితే కాస్త ఆపి చూడండి. పక్కన పిల్లలుంటే వాళ్లకూ చెప్పండి.. ఈయనది మన కరీంనగరే అని.