వెళ్ళేటప్పుడు ఉద్యోగం, వచ్చేటప్పుడు ఆవకాయ

ఈమధ్య మనవాళ్ళు నలుగురు ఎక్కడ చేరినా వినిపించే మాట ఒకటుంది. "ఈసారి ఊళ్ళో మూడు నెలలు ఉండి వస్తాం, పని అక్కణ్ణించే చేసుకుంటాను" అని. 2020లో కోవిడ్ వచ్చి ఆఫీసులు మూతపడి, ఇంట్లో భోజనాల బల్లే ఆఫీసుగా మారిన తర్వాత పుట్టిన ఆలోచన ఇది. బ్లాక్‌టౌన్‌లో ఇంట్లో కూర్చుని చేసే పని బాపట్లలో కూర్చుని ఎందుకు చేయకూడదని ఎవరికైనా అనిపిస్తుంది. అనిపించడంలో తప్పేమీ లేదు. కానీ దాని మంచిచెడ్డలు పూర్తిగా విచారించుకున్నవారు తక్కువగా కనిపిస్తున్నారు గనుక, మాకు తెలిసినంతలో నాలుగు విషయాలు ఇక్కడ రాస్తున్నాం.

దేశదేశాలు తిరుగుతూ, సముద్రపు ఒడ్డున కూర్చుని సంపాదించుకోవడం తెల్లదొరల పిల్లలకు ఒక ముచ్చట. మన సంగతి అది కాదు. మనం తరచుగా ప్రయాణం చేయాలనుకునేది ఒకే ఒక్క ఊరికి, ఇద్దరు ముగ్గురు మనుషుల కోసం. వాళ్ళను ఇక్కడికి తెచ్చుకుందామంటే పిల్లల్లో కనీసం సగం మంది, లేదా మరే ఒక్క దేశంలోకంటే ఎక్కువ మంది ఆస్ట్రేలియాలో ఉండాలన్న నిబంధన ఒకటి. అది దాటినా, మామూలు పేరెంట్ వీసాకు నిరీక్షణ ముప్పై ఏళ్ళ పైమాట. డెబ్భై ఏళ్ళ తండ్రికి ముప్పై ఏళ్ళ తర్వాత వచ్చే వీసా! పెద్ద మొత్తం చెల్లించి తీసుకునే కాంట్రిబ్యూటరీ వీసాకు కూడా పదేళ్ళు దాటుతోంది. 2019లో వచ్చిన తాత్కాలిక స్పాన్సర్డ్ పేరెంట్ వీసా కొంత నయమేగాని, పదేళ్ళకు మించి దానిమీద ఉండడానికి లేదు. అదీగాక చాలామంది పెద్దవాళ్ళకు ఇక్కడి చలి, ఒంటరితనం, కారు లేనిదే కదలలేని బతుకు పట్టవు. కాబట్టి వెళ్ళవలసింది మనమే.

వెళ్ళడానికి చట్టం ఇచ్చే సెలవులు ఏమిటి? పూర్తికాలపు ఉద్యోగికి ఏడాదికి నాలుగు వారాల వార్షిక సెలవు. మన జబ్బులకూ, ఇంట్లోవాళ్ళ జబ్బులకూ కలిపి పది రోజులు. దగ్గరివారు ప్రాణాపాయంలో ఉన్నా, పోయినా, ఒక్కొక్క సందర్భానికి రెండు రోజులు. ఈ రెండు రోజులు చాలు, సింగపూర్ మీదుగా శంషాబాద్ చేరి, అక్కణ్ణించి బస్సెక్కడానికి.

ఇక్కడ ఒక చరిత్ర విషయం చెప్పుకోవాలి. పదేళ్ళు కొలువు చేసినవారికి వచ్చే లాంగ్ సర్వీస్ లీవ్ ప్రపంచంలో చాలా దేశాలకు తెలియనే తెలియదు. అది ఎలా పుట్టింది? 1860ల్లో విక్టోరియా, దక్షిణ ఆస్ట్రేలియా వలస ప్రభుత్వాలు తమ ఉద్యోగులు ఓడెక్కి ఇంగ్లండు వెళ్ళి, అయినవాళ్ళను చూసి, మళ్ళీ ఓడెక్కి రావడానికి వీలుగా ఏర్పాటు చేసిన సెలవు అది. మన దేశంలో కొలువు చేసిన దొరలకు ఫర్లో అని దొరికేదే, దాని చుట్టం. అంటే పుట్టిన ఊళ్ళో ఉన్న తల్లిదండ్రుల్ని చూడాలన్న బెంగ మనతో మొదలైంది కాదు. ఈ దేశపు చట్టమే ఆ బెంగలోంచి పుట్టింది. 1950ల్లో అది ప్రైవేటు ఉద్యోగులకూ విస్తరించింది. న్యూ సౌత్ వేల్స్‌లో పదేళ్ళకు రెండు నెలలు. విక్టోరియాలో ఏడేళ్ళకే వాడుకోవచ్చు. సగం జీతానికి రెట్టింపు కాలం అడిగే వీలు కూడా ఉంది. మనవాళ్ళలో చాలామంది మూడేళ్ళకో కంపెనీ మారుతూ దీన్ని కళ్ళజూడకుండానే పోగొట్టుకుంటున్నారు. జీతంలో పెరిగిన పది వేల డాలర్లు లెక్కపెట్టుకుంటారుగాని, ఈ రెండు నెలల్ని ఎవరూ లెక్కలో వేయరు.

సరే, పనిని సంచీలో వేసుకుని వెళ్ళగలవారు ఎవరు? ప్రోగ్రాములు రాసేవారు, వాటిని పరీక్షించేవారు, పద్దులు చూసేవారు, నక్షాలు గీసేవారు. డాక్టర్లకు ఈ అదృష్టం లేదు. ఫోన్లో చూసినా, వీడియోలో చూసినా, డాక్టరూ రోగీ ఇద్దరూ ఆస్ట్రేలియా నేలమీద ఉంటేనే మెడికేర్ డబ్బు ఇస్తుంది. నెల్లూరులో కూర్చుని న్యూకాసిల్ రోగికి మందు రాస్తే మెడికేర్ పైసా రాలదు. కాని వాళ్ళకు మరో దారి ఉంది. పల్లెటూళ్ళ ఆసుపత్రుల్లో కొన్ని వారాలు గట్టిగా పనిచేసి, తర్వాత కొన్ని వారాలు ఖాళీ ఉంచుకునే లోకమ్ కొలువు. (పేరులోనే లోకం ఉంది కనుక లోకమంతా తిరగవచ్చునని ఎవరో అన్నారు.) నర్సులకూ, టీచర్లకూ క్యాజువల్ పని అలాంటిదే. గంటకు పాతిక శాతం ఎక్కువ వస్తుంది. దానికి బదులుగా జీతంతో కూడిన సెలవులు ఉండవు. అది వెంట వచ్చే సంపాదన కాదు, ఆపి వెళ్ళగల సంపాదన. మా అభిప్రాయంలో రెండోదే కొన్నిసార్లు మేలు. ఎందుకంటే ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ మనిషి అక్కడే ఉంటాడు.

వెంట వచ్చే పనికి మొదటి చిక్కు గడియారం. సంక్రాంతి రోజుల్లో ఇక్కడ డేలైట్ సేవింగ్ ఉంటుంది కనుక సిడ్నీ, మెల్బోర్న్ నగరాలు మన ఊరికంటే అయిదున్నర గంటలు ముందు. ఉదయం తొమ్మిదింటి మీటింగంటే ఊళ్ళో తెల్లవారుజామున మూడున్నర. ఏప్రిల్ మొదటి ఆదివారం గడియారాలు వెనక్కి తిప్పాక నాలుగున్నర. బ్రిస్బేన్ వారికి ఏడాది పొడుగునా నాలుగున్నరే. పెర్త్ వారు పుణ్యాత్ములు, వారికి ఆరున్నర. మూడున్నరకు లేవాలంటే రాత్రి ఎనిమిదింటికే పడుకోవాలి. సరిగ్గా అప్పుడే ఇంట్లో వాళ్ళు భోజనాలు ముగించి కబుర్లకు కూర్చుంటారు. మేడమీద గదిలో తలుపు వేసుకుని ఇంగ్లీషులో మాట్లాడుతున్న కొడుకును చూసి, "వాడు వచ్చాడే గాని, వచ్చినట్టు లేదు" అని తల్లి అనుకుంటే ఆమె తప్పు కాదు.

రెండో చిక్కు పన్ను. ఇక్కడి స్థిరనివాసికి, పౌరుడికి, ఇక్కడ నివాసిగా ఉన్నంతకాలం ఎక్కడ సంపాదించినా ఇక్కడ లెక్క చూపాలి. అది అందరికీ తెలుసు. తెలియనిదేమంటే, గుంటూరులో కూర్చుని చేసిన పనికి వచ్చే జీతం, అది సిడ్నీ బ్యాంకులో పడినా సరే, భారత చట్టం దృష్టిలో భారతదేశంలో పుట్టిన ఆదాయమే. 1991లో రెండు దేశాలూ చేసుకున్న పన్నుల ఒప్పందం మనల్ని కాపాడుతుంది, కొన్ని షరతుల మీద. అక్కడ ఉన్న రోజులు ఆదాయ సంవత్సరంలో 183 దాటకూడదు. జీతమిచ్చే కంపెనీ అక్కడిది కాకూడదు. ఆ జీతాన్ని అక్కడి శాఖ ఖర్చులో రాసుకోకూడదు. అక్కడి పన్ను సంవత్సరం ఏప్రిల్ నుంచి మార్చి, ఇక్కడిది జూలై నుంచి జూన్. జనవరిలో వెళ్ళి జూన్‌లో వస్తే ఆ ప్రయాణం అక్కడి లెక్కలో రెండు ముక్కలవుతుంది. అద్దెలూ, వడ్డీలూ వచ్చేవారు ఇంకొకటి గమనించాలి. భారతదేశంలోని ఆదాయం 15 లక్షల రూపాయలు దాటి, అంతకు ముందు నాలుగేళ్ళలో మొత్తం 365 రోజులు అక్కడ ఉన్నవారు, 182 రోజులు కాదు, 120 రోజులు ఉంటేనే అక్కడి నివాసి అయిపోతారు. సొంత ఏబీఎన్ మీద కాంట్రాక్టు చేసేవారికి ఒప్పందంలో వేరే నిబంధనలున్నాయి. వాళ్ళకు సెలవు జీతమూ ఉండదు. సూపర్ కూడా చాలామంది తమంతట తామే వేసుకోవాలి. టిక్కెట్టు కొనేముందే అకౌంటెంటును అడగడం మంచిది.

పౌరసత్వం కోసం ఎదురుచూసే కుటుంబాలు మరీ జాగ్రత్తగా ఉండాలి. దరఖాస్తుకు ముందు నాలుగేళ్ళలో దేశం బయట ఉన్న కాలం మొత్తం పన్నెండు నెలలు మించకూడదు. ఆఖరి ఏడాదిలో 90 రోజులు మించకూడదు. మూడు నెలలే కదా అని మే, జూన్, జూలై ఉండి వస్తే 92 రోజులవుతాయి. పౌరసత్వం వచ్చాక అక్కడ పని చేసుకోవాలంటే ఓసీఐ కార్డు ఉండాలి. 2006 జనవరిలో మన హైదరాబాదులో జరిగిన ప్రవాసీ భారతీయ దివస్‌లోనే మొదటి కార్డులు ఇచ్చారు. అది లేకుండా టూరిస్టు వీసా మీద వెళ్ళి ల్యాప్‌టాప్ తెరిచి కొలువు చేయడం సరికాదు.

అన్నిటికంటే ముందు యజమాని అనుమతి. చెప్పకుండా వెళ్ళి అక్కణ్ణించి లాగిన్ అయితే అది వాళ్ళకు తెలిసిపోవచ్చు. కొన్ని ప్రభుత్వ శాఖలు, సంస్థలు తమ సమాచారాన్ని దేశం దాటనివ్వవు. మై హెల్త్ రికార్డు వివరాలను దేశం బయటికి తీసుకుపోకూడదని 2012 నాటి చట్టమే ఉంది. ఏడాది సర్వీసు దాటినవారు, వృద్ధుల సంరక్షణ భారం ఉన్నవారు, పని చేసే స్థలం మార్చమని రాతపూర్వకంగా అడిగే హక్కు ఉంది. 21 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రావాలి. విదేశం నుంచి అనేసరికి కాదనడానికి వాళ్ళకు కారణాలు దొరకకపోవు. అయినా అడిగి, తేదీలతో సహా కాగితం మీద తీసుకోండి. నోటిమాట మేనేజరు మారితే మారిపోతుంది.

ఇంత చెప్పి వద్దంటున్నామా అంటే, కాదు. ఈ ఏర్పాటులో మేము చూసిన నిజమైన సుఖం ఒకటుంది. తెల్లవారుజామున మొదలెట్టిన పని పదకొండున్నరకో, పన్నెండున్నరకో అయిపోతుంది. మధ్యాహ్నమంతా చేతిలో ఉంటుంది. నాలుగు వారాల సెలవులో పెళ్ళిళ్ళు, తిరుపతి, చుట్టాల ఇళ్ళు పోగా మిగలని పనులన్నీ ఇప్పుడు అవుతాయి. నాన్నగారి కంటి ఆపరేషన్‌కు ముందు పరీక్షలు, తర్వాత చుక్కల మందు. అమ్మగారి బ్యాంకు ఖాతాలో నామినీ పేరు. పట్టాదారు పాసుపుస్తకంలో తప్పు పడిన సర్వే నంబరు. ఒక్కరోజులో తెమలని పనులివి. నాలుగుసార్లు తిరగాలి, ఆ నాలుగుసార్లూ మనిషి ఊళ్ళో ఉండాలి. నవంబరులో వెళ్ళినవారు పెన్షన్ తీసుకునే పెద్దవాళ్ళ లైఫ్ సర్టిఫికెట్ పని కూడా ఫోన్లోనే ముగించి రావచ్చు.

మాకు తెలిసిన కుటుంబాల్లో బాగా కుదిరిన పద్ధతి ఇది: మొదటి వారం, చివరి వారం నిజమైన సెలవు పెట్టి, మధ్యలో అయిదారు వారాలు పని. మొదటి వారం సెలవు లేకపోతే ప్రయాణపు అలసట, అర్ధరాత్రి మేల్కొలుపు కలిసి మనిషి అందరిమీదా చిరాకుపడతాడు. చివరి వారం సెలవు ఎందుకో చెప్పనక్కరలేదు. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు రెండు మూడు దేశాల్లో ఉన్నవారు ఒకేసారి వెళ్ళకుండా నెలలు పంచుకుంటున్నారు. సంక్రాంతికి ఒకరు, వేసవికి ఒకరు, దసరాకు ఒకరు. వేసవి వంతు వచ్చినవారికి ఎండ ఎక్కువ, కరెంటు తక్కువ. ఇన్వర్టరు ఉందో లేదో ముందే కనుక్కోవాలి. ఆవకాయ మాత్రం వాళ్ళ వంతే. విమానంలో ఇచ్చే కార్డు మీద దాని సంగతి రాయడం మరిచిపోకండి.