క్రిస్మస్ గీతాలకు బ్యాండు స్వరకూర్పు: ఊదేవారు, పాడేవారు

క్రిస్మస్ గీతాలను ఇత్తడి వాద్యాల బ్యాండుకు గాని, ఇత్తడితోపాటు ఫ్లూటు, క్లారినెట్టు, శాక్సోఫోను చేరిన విండ్ బ్యాండుకు గాని ఎలా కూర్చుతారో వివరించుట ఈ వ్యాసోద్దేశము. గీతపు బాణీ అప్పటికే ఉన్నది. దానిని ఏ శ్రుతిలో వినిపించాలి, ఏ వాద్యము దానిని మోయాలి, క్రింది స్వరాలు ఎవరివి, ఏ చరణములో ఎవరు ఊరుకోవాలి అన్న నిర్ణయాలే స్వరకూర్పు. ఇది సంగీతజ్ఞుల పని గదా, వేదాంత కళాశాల పత్రికలో దీనికి చోటెందుకు అని కొందరు అడుగవచ్చు. ఈ నిర్ణయాలను బట్టే ఆ ఉదయం సంఘము పాడుతుందో, కూర్చుని వింటుందో తేలుతుంది గనుక ఇది కాపరి పట్టించుకోవలసిన సంగతే. పౌలు కూడా నిర్జీవమైన వాద్యాల ప్రస్తావన తెచ్చి, బూర ధ్వని తేటగా లేకపోతే దానివలన ప్రయోజనమేమని కొరింథీయులను అడిగాడు (1 కొరింథీ 14:7-8).

వాద్యానికి మాటలు లేవు. ఈ సంగతికి చార్లెస్ వెస్లీ క్రిస్మస్ గీతం 'హార్క్! ద హెరాల్డ్ ఏంజెల్స్ సింగ్' కంటె మంచి ఉదాహరణ దొరకదు. వెస్లీ దానిని 1739లో ప్రచురించాడు. మొదటి పంక్తిని 1753లో జార్జ్ వైట్‌ఫీల్డ్ మార్చాడు. ఈనాడు మనమెరిగిన బాణీ మాత్రం అసలు క్రిస్మస్‌ది కాదు. అచ్చు యంత్రానికి నాలుగు వందల ఏండ్లు నిండిన సందర్భంగా 1840 జూన్‌లో లైప్‌జిగ్ నగరంలో గూటెన్‌బర్గ్ ఉత్సవం జరిగినప్పుడు, బహిరంగ స్థలములో పాడుటకు మెండెల్సన్ వ్రాసిన కృతిలోని భాగమది. వ్రాసినది పురుషుల గాయక బృందానికి, ఇత్తడి వాద్యాలకు. అంటే ఈ బాణీ పుట్టుకతోనే బ్యాండు బాణీ! 1843లో మెండెల్సన్ ఒక ఉత్తరములో, దీనికి ఇంగ్లీషు మాటలు కూర్చితే జనం ఇష్టపడతారు గాని భక్తి విషయమైన మాటలు మాత్రం దీనికి అతకవని అభిప్రాయపడ్డాడు. ఆయన 1847లో మరణించాడు. 1855లో విలియం కమింగ్స్ అనే ఆర్గన్ వాద్యకారుడు సరిగ్గా ఆ పనే చేశాడు. మెండెల్సన్ అంచనా తప్పిందని సంఘచరిత్ర చెబుతున్నది. అయినా ఆయన సందేహములో కొంత నిజమున్నది. మాటలు తెలియనివాడు ఈ బాణీని బూరలమీద వింటే అది గూటెన్‌బర్గ్‌ను కొనియాడుతుందో క్రీస్తును కొనియాడుతుందో చెప్పలేడు. మాటలు విన్నవాని జ్ఞాపకంలోనుండి రావలసిందే.

శ్రుతి సమస్య

ఇక వాద్యాల సంగతి. ఇంగ్లాండు తరహా ఇత్తడి బ్యాండులో డోళ్లు కాక ఇరవై ఐదుగురు వాద్యకారులుంటారు. కార్నెట్టు, ఫ్లూగెల్ హార్న్, టెనర్ హార్న్, బారిటోన్, యుఫోనియం, ట్రాంబోన్, బాస్ - వీటిలో చాలామట్టుకు బి-ఫ్లాట్ లేక ఇ-ఫ్లాట్ వాద్యాలు. వీరి కాగితము మీద సి అని వ్రాసి ఉంటే బి-ఫ్లాట్ కార్నెట్టులో వినబడేది బి-ఫ్లాట్. ఇలా వ్రాయడంలో పెద్ద సౌకర్యమున్నది. కార్నెట్టు నేర్చినవాడు రేపు టెనర్ హార్న్ పట్టినా, ఎల్లుండి బాస్ పట్టినా వ్రేళ్ల కదలిక మారదు. చిన్న సంఘాల బ్యాండ్లు ఇలాగే నిలిచాయి.

అయితే ఇందులో ఒక చిక్కున్నది. ఐజాక్ వాట్స్ 1719లో వ్రాసిన 'జాయ్ టు ద వరల్డ్' గీతం పాటల పుస్తకాలలో తరచుగా డి శ్రుతిలో ఉంటుంది. దానినే బ్యాండుకిస్తే బి-ఫ్లాట్ వాద్యాలకు నాలుగు షార్పులు, ఇ-ఫ్లాట్ వాద్యాలకు అయిదు షార్పులు వస్తాయి. క్రొత్తగా నేర్చుకొనేవారికి అది ముళ్లబాట. అందుచేత కూర్పరి అరస్వరం పైకి జరిపి ఇ-ఫ్లాట్‌లో వ్రాస్తాడు. అప్పుడు కార్నెట్టుకు ఒక్క ఫ్లాట్, టెనర్ హార్న్‌కు ఏమీ లేదు. వాద్యకారులకు సుఖమే. కాని ఈ బాణీ పైస్థాయి స్వరంతో మొదలై మెట్లు దిగినట్టు స్థాయి చివరివరకు దిగుతుంది. మొదటి మాటకే గొంతు పైకి లేవాలి. డిసెంబరు చలిలో, తెల్లవారుజామున, నిద్రలేచి వచ్చిన సంఘానికి అరస్వరము చిన్న భారం కాదు. సంఘము పాడవలసిన గీతమైతే సి శ్రుతికి దించడమే మేలని నా అభిప్రాయం. వాద్యకారులు రెండు మూడు షార్పులు అభ్యాసం చేస్తే సరిపోతుంది. కష్టం పడవలసినది నేర్చినవారే గాని పాడవచ్చినవారు కాదు.

జర్మనీలోని ఇవాంజెలికల్ సంఘాలు ఈ చిక్కును మరొక విధంగా విప్పాయి. పందొమ్మిదవ శతాబ్దంలో వెస్ట్‌ఫాలియా ప్రాంతంలో పాస్టరు ఎడ్వర్డ్ కూలో, ఆయన కుమారుడైన పాస్టరు యోహానెస్ కూలో ఇత్తడి వాద్య బృందాలను పెంపొందించారు. సంఘము చేతిలోని కీర్తనల పుస్తకంనుండే బూర ఊదేవారు కూడా ఊదాలన్నది యోహానెస్ కూలో పట్టుదల. కనుక అక్కడి వాద్యకారులు వినబడే శ్రుతినే చదివి, దానికి తగిన వ్రేళ్ల కదలికను మొదటినుండి నేర్చుకుంటారు. బూరకు వేరే కాగితం అక్కరలేదు. సోప్రానో, ఆల్టో, టెనర్, బాస్ అని పాడేవారికున్న నాలుగు వరుసలే వీరివి కూడా. ఒక కాపరి తన సంఘమును ఎదుట ఉంచుకొని చేసిన ఏర్పాటు ఇది. వాద్యకారుని సౌకర్యం చూచినవాడు ఇలా చేసి ఉండడు.

వీరికంటె ముందే మొరేవియన్ సహోదరులు నాలుగు పరిమాణాల ట్రాంబోన్లతో సంఘగీతాలు ఊదేవారు. 1741 క్రిస్మస్ ముందురాత్రి సిన్‌జెన్‌డార్ఫ్ ప్రభువు సమక్షంలో బేత్లెహేమని పేరు పొందిన పెన్సిల్వేనియా ఊరిలో వారి ట్రాంబోన్ బృందం 1754నుండి ఉన్నది. మనిషి గొంతువలె జారగల ఇత్తడి వాద్యం ట్రాంబోన్ ఒక్కటే గనుక ఆ ఎంపిక ఊరికే జరిగింది కాదు.

వీధిలో

సాల్వేషన్ ఆర్మీ కథ వేరు. 1878లో సాల్స్‌బరీ పట్టణంలో చార్లెస్ ఫ్రై, ఆయన ముగ్గురు కుమారులు ఇత్తడి వాద్యాలతో వీధి కూటాలకు తోడుగా నిలిచారు. అల్లరిమూకల నడుమ బోధకుని గొంతు వినబడని చోట బూర వినబడింది. 1882లో ఫ్రెడరిక్ టక్కర్ బృందం బొంబాయిలో దిగి, వాద్యాలతో వీధులలో ఊరేగినందుకు అరెస్టయిన సంగతి మిషను చరిత్ర చదివినవారికి తెలిసినదే. ఇంగ్లాండులో వీరి బ్యాండు క్రిస్మస్ వీధులలో మ్రోగితే దాటిపోయేవాడు మనసులో మాటలు కలుపుకుంటాడు. చిన్నప్పటినుండి విన్నవే గదా. ఆ మాటలు ఎన్నడూ వినని వీధిలో అదే కూర్పు ఉత్త మేళమే. అక్కడ చరణానికి చరణానికి మధ్య ఎవరైనా పాడాలి, లేదా లూకా రెండవ అధ్యాయం చదవాలి. కూర్పులో అందుకు ఖాళీ ఉంచాలి.

ఖాళీ మరొక కారణానికి కూడా అవసరం. ఊదేవాని పెదవులు అలసిపోతాయి. నాలుగైదు చరణాలు అందరూ అదేపనిగా ఊదితే చివరి చరణానికి శ్రుతి జారుతుంది. మంచి కూర్పరి మూడవ చరణంలో కార్నెట్లను ఆపి హార్న్లకు, యుఫోనియానికి ఇస్తాడు. 1818లో ఓబెర్న్‌డార్ఫ్‌లో గిటారుతో మొదట పాడిన 'సైలెంట్ నైట్' వంటి జోలపాటకు ఇది మరీ అవసరం. దీనిని ప్రతి స్వరాన్నీ నాలుకతో కొట్టి ఊదితే శిశువు లేచి కూర్చుంటాడు! ఫ్లూగెల్ హార్న్ మృదుత్వము ఇక్కడ చాలు, డోలు వద్దు.

విండ్ బ్యాండుకు ఈ మృదుత్వం సహజంగా ఉన్నది. క్లారినెట్లు వయొలిన్లవలె స్వరాన్ని సాగదీయగలవు. ఆల్ఫ్రెడ్ రీడ్ 1944లో డెన్వర్‌లో వినిపించిన 'రష్యన్ క్రిస్మస్ మ్యూజిక్' ఇందుకు గొప్ప నిదర్శనం. రష్యా ఆర్థడాక్స్ ఆరాధన వాద్యాలను అనుమతించదు, గొంతుదే అక్కడ ఆధిపత్యము. ఆ గానరీతిని రీడ్ ఊదే వాద్యాలతోనే వినిపించాడు. అయితే అది కచేరీకి వ్రాసినది, సంఘముతో కలిసి పాడుటకు కాదు. రెండింటికీ చోటున్నది, ఒకదాని పని మరొకదానికి అప్పగించినప్పుడే చిక్కు.

మన కీర్తనల మాట చెప్పకుండా వదలలేము. పాశ్చాత్య బాణీలో తర్జుమా అయిన క్రిస్మస్ పాటలకు పైన చెప్పినదంతా వర్తిస్తుంది. రాగతాళాలతో వ్రాసిన కీర్తనలకు మాత్రం నాలుగు వరుసల కూర్పు తగదు. క్రింద స్వరసమూహం పెట్టగానే రాగం తన ముఖం మార్చుకుంటుంది. గమకం కవాటాల బూరలో సరిగా పలకదు. పెండ్లి ఊరేగింపుల బ్యాండు మేళంలో క్లారినెట్టు, ట్రంపెట్టు ఒకే బాణీని కలిసి ఊదడం మనవారెరిగినదే. చదువుకున్నవారు దానిని చిన్నచూపు చూస్తారు గాని, కీర్తనకు అదే దగ్గరి దారి: క్లారినెట్టు బాణీని మోయాలి, యుఫోనియం గాని బాస్ గాని షడ్జమ పంచమాలను శ్రుతిగా పట్టి ఉంచాలి, మిగిలినవారు పల్లవికి మాత్రమే చేరాలి. షడ్జమం ఎక్కడ పెట్టాలో బ్యాండు మాస్టరును గాక, కీర్తన ఎత్తుకొనే పెద్దమ్మను అడిగి, ఆమె గొంతుకు సరిపడే శ్రుతిలోనే కాగితాలు వ్రాయించాలి.